నడుము నొప్పి, ఎముక గట్టితనము, ఊరి నీరు
(పంచాయతి సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెలలో నడుము నొప్పి యెరుగని మగవాడు అరుదు. పత్తిచేలో మందు పంపు వీపున మోసినవాడును, మిరప టిక్కీలు భుజమున కెత్తినవాడును సాయంకాలమునకు నడుము పట్టినదనుట సహజమే. అట్టి నొప్పి చాలవరకు కండరములకో, వెన్నుపూసల నడుమ నుండు మెత్తని బిళ్లలకో కలిగిన శ్రమవలన వచ్చునది. కొద్ది వారములలో తగ్గును. దానిని గూర్చి మేము నేడు ఎక్కువగా చెప్పబోవుట లేదు.

పట్టణములలో ఎముక సాంద్రతను కొలుచు యంత్రములున్నవి. నొప్పి యనగానే ఎముకలు గుల్లబారినవని భయపడి పరుగెత్తువారు పలువురు. గుల్లబారుట దానంతటది నొప్పి పుట్టింపదు. అట్టి పూస నలిగినప్పుడే నొప్పి పుట్టును. మగవారిలో ఈ క్షీణత స్త్రీలకంటె ఆలస్యముగా వచ్చును. పొగాకు, సారాయి, దీర్ఘకాలము వాడిన స్టిరాయిడు మందులు దానిని త్వరపరచును. వృద్ధుడు చిన్న బరువెత్తినంతనే నడుమున తీవ్రమైన నొప్పి కలిగినను, మనిషి ఎత్తు తగ్గినను వైద్యునకు చూపవలెను.

అయితే మన ప్రాంతమున దీనికి సరిగా విపర్యయమైన వ్యాధి యొకటి కలదు. అందు ఎముక పలుచబడదు, మరింత చిక్కనగును. అయినను నడుము నొచ్చును.

1930 దశకమున, అప్పుడు నెల్లూరు జిల్లాలో చేరియుండిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతముల రైతులు తమ దుక్కిటెద్దులు కాళ్లు బిగిసి నడువలేకపోవుట గమనించిరి. పిమ్మట మనుష్యులలోను అదే వ్యాధి యున్నట్లు తేలినది. 1937లో డాక్టరు షార్టు, ఆయన సహచరులు దీనిని పరిశోధించి, త్రాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించిరి. భారతదేశమున మనుష్యుల ఎముకల ఫ్లోరోసిస్‌ను గూర్చి వెలువడిన తొలి వివరణ యిదియే. వైద్యులకంటె ముందు ఎద్దును చూచి యనుమానించినది రైతు. ఈ మాట చెప్పుకొనుట మాకు సంతోషము.

ఫ్లోరైడు ఎముకలోని ఖనిజమున చేరి, యేండ్ల తరబడి పేరుకొనును. ఎక్స్‌రేలో వెన్నెముక సున్నపుముద్దవలె తెల్లగా కన్పించును. సాంద్రత అంకె చూచి "ఎముక దిట్టముగా నున్నది" అనుకొనిన మోసపోవుదురు. ఆ ఎముక నాణ్యత తక్కువది. పూసలను కట్టియుంచు నరములవంటి బంధనములు సయితము గట్టిపడి, వెన్ను కర్రవలె బిగిసిపోవును. ముదిరినచో వెన్నుపాము నొక్కబడి కాళ్లు చచ్చుబడును. ఎండలో పనిచేసి ఎక్కువ నీరు త్రాగువాడు ఎక్కువ ఫ్లోరైడు పొందును. పాలు, సున్నపు ధాతువు చాలని పేదవానికి హాని మరింత.

గడ్డము రొమ్మునకు ఆనింపలేనివాడు, వంగి కాలివ్రేళ్లు తాకలేనివాడు, చేతులు తలవెనుక చేర్చలేనివాడు మీ వార్డులో నెందరున్నారో చూడుడు. అట్టి వారు ఒకే బోరు నీరు త్రాగువారైనచో, ముందు ఆ నీటిని అనుమానింపవలెను. కాళ్ల తిమ్మిరి, మూత్రము బిగియుట గల రోగిని ఆలస్యము చేయక ఆసుపత్రికి పంపవలెను.

ఫ్లోరైడునకు రంగు లేదు, రుచి లేదు. కాచిన పోదు, నీరు ఆవిరియైన కొలది మిగిలినదానిలో చిక్కబడును. మన దేశపు ప్రమాణమున లీటరునకు 1 మిల్లీగ్రాము లోపల నుండుట మేలు, వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు అనుమతి. పటిక, సున్నము, బ్లీచింగు పొడితో శుద్ధిచేయు నల్గొండ పద్ధతిని నాగపూరులోని పరిశోధన సంస్థవారు 1970 దశకమున రూపొందించిరి. అది మంచిదేగాని, నీటిని బట్టి మోతాదు మార్చు మనిషి నిత్యము కావలెను. యంత్రములు తెచ్చి, తాళము వేసి మరచిన గ్రామములను మేము చూచితిమి. వాననీటి నిలువ, దూరపు చెరువునీటి పథకము మేలైన దారులు. శుద్ధ నీరు త్రాగుటకు, వంటకు చాలును. స్నానమునకు, పశువుల కడుగుటకు బోరు నీరు వాడవచ్చును.

ఇప్పటికే బిగిసిన వెన్ను తిరిగి మునుపటివలె కాదు. పసిపిల్లల ఎముక మాత్రము ఇంకను పెరుగుచున్నది. గ్రామమున నున్న ప్రతి బోరునకు, పంపునకు వేర్వేరుగా పరీక్ష చేయింపుడు. ప్రక్క ప్రక్క బోరులలో సయితము అంకెలు భిన్నముగా నుండును. గ్రామీణ నీటిసరఫరా శాఖ ప్రయోగశాలకు నమూనా పంపునప్పుడు గాజుసీసా వలదు, కడిగిన ప్లాస్టిక్కు సీసా వాడుడు. దానిపై బోరు గుర్తు, తేదీ వ్రాయుట మరువకుడు.