జీతపు రోజుల్లో నేర్చిన విద్య
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సభలో ఇంజనీరింగు చదివిన మన పిల్లలకు పనికివచ్చే నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు మమ్మల్ని ఆజ్ఞాపించారు. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, రైల్వే పార్సెలు ఆఫీసులో రసీదులు వ్రాసుకొంటున్న గుమాస్తాలము. ఇంజనీర్లకు యంత్రాల సంగతి చెప్పబోవడం మాకు తగదు. అయితే పదిమంది వ్యాపారస్థుల సరుకు రోజూ మా చేతుల మీదుగా పోతూంటుంది. ఎవరి సరుకు ఏటేటా పెరుగుతున్నదో, ఎవరి పేరు రెండేళ్లు కనిపించి తర్వాత మా పుస్తకంలోనుంచి మాయమైపోయిందో మాకు తెలుస్తుంది. ఆ పాటి అనుభవంతో మాట్లాడ సాహసిస్తున్నాము.

మన తాతలు చాలామంది గుంతకల్లు లైను వెంబడి వచ్చి ఈ హుబ్లీ రైల్వే వర్కుషాపులో చేరినవారు. నెల జీతం, రైల్వే క్వార్టరు, చివరకు పింఛను - వీటి మీదనే మన కుటుంబాలు పరాయి గడ్డ మీద నిలదొక్కుకొన్నాయి. అందుచేత మన ఇళ్లలో ఉద్యోగమంటే దేవుడితో సమానం. ఇప్పుడు మన పిల్లలు ఇంజనీరింగు చదువుతున్నారు. కొందరికి ఉద్యోగం రుచించడం లేదు. "ఒకరి కింద ఎన్నాళ్లు? సొంతంగా ఏదో ఒకటి పెడతాము" అంటున్నారు. తండ్రులు వద్దంటారు. తల్లులు ఇద్దరి మధ్యా నలిగిపోతున్నారు. మనలోనే ఒక కుటుంబంలో కుర్రవాడు ఉద్యోగంలో చేరిన ఎనిమిది నెలలకే రాజీనామా ఇచ్చి, తండ్రి ప్రావిడెంటు ఫండు సొమ్ముతో చిన్న కార్ఖానా తెరిచాడు. ఏడాదిన్నర గడిచేసరికి మిషన్లు అమ్ముకోవలసి వచ్చింది. ఆ పిల్లవాడు తెలివితక్కువవాడు కాడు, సోమరి అంతకన్నా కాడు. మరి ఏమి తక్కువైనది? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి మనం ఎక్కడికో పోనక్కరలేదు. ఇక్కడి నుంచి బెళగాం మీదుగా పూనా పోయే రైలు మార్గంలో, మిరజ్ దాటిన తర్వాత, కిర్లోస్కర్‌వాడీ అనే స్టేషను ఉన్నది. ఒక మనిషి ఇంటిపేరు ఒక స్టేషనుకు పేరు కావడం రైల్వేలో పనిచేసేవారికి చిన్న విషయంగా తోచదు. ఆ మనిషి కథనే ఈనాడు చెప్పదలచాము.

కిర్లోస్కరు అన్న మాట మీరు వినకపోలేదు. సెలవులకు మన ఊళ్లు పోయినప్పుడు పొలం గట్టున పంపుల మీద ఆ పేరు చూసే ఉంటారు. ఆ పరిశ్రమకు మూలపురుషుడు లక్ష్మణరావు కిర్లోస్కరుగారు. 1869 జూన్ 20న బెళగాం జిల్లా గుర్లహొసూరులో పుట్టారు. ఆయనకు ఇంజనీరింగు పట్టా లేదు. చిత్రకారుడు కావలెనని 1885లో బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. కొంతకాలానికి తన కంటికి కొన్ని రంగుల భేదం తెలియడం లేదని బయటపడింది. రంగులు తెలియనివాడికి చిత్రలేఖనం ఎట్లా సాగుతుంది? మనవాళ్లయితే జాతకం చూపించి, పిల్లవాణ్ణి ఇంటికి తీసుకొనివచ్చి ఉందురు. ఆయన ఇంటికి రాలేదు. రంగు పోయినా గీత మిగిలింది గదా అని మెకానికల్ డ్రాయింగు నేర్చుకొన్నారు. ఆ విద్యతోనే బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటులో ఆ పాఠం చెప్పే ఉద్యోగం సంపాదించారు.

ఇక్కడినుంచి మన కుర్రవాళ్లు జాగ్రత్తగా వినవలసిన భాగం. పాఠం చెప్పి, గంట కొట్టగానే గొడుగు తీసుకొని బసకు పోయే ఉపాధ్యాయుడుగా ఆయన ఉండలేదు. తీరిక వేళల్లో యంత్రాల దగ్గర నిలబడి చేతులకు నూనె పూసుకొన్నారు. కాగితం మీద గీసిన గీతకూ, ఇనుములో వచ్చే ఆకారానికీ మధ్య ఎంత దూరమున్నదో ఆ చేతులు నేర్చుకొన్నవి. కాగితం మీద రెండు గీతలు ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి. పోతపోసిన ముక్క చల్లారినప్పుడు కొంచెం కుంచించుకొనిపోతుంది. ఆ కొంచెం లెక్కలో వేసుకోనివాడి యంత్రం బిగియదు. ఈ సంగతి పుస్తకంలోనూ ఉంటుంది. కాని ఒక పోత పాడైపోయిన తర్వాత తెలిసినంత గట్టిగా తెలియదు. జీతమిచ్చే చోట ఈ విద్య నేర్చుకొంటే పాడైన పోత ఖరీదు యజమానిది. సొంత కార్ఖానాలో నేర్చుకొంటే ఆ ఖరీదు మన ఇంటిది. పైన చెప్పిన మన కుర్రవాడి విషయంలో జరిగినది ఇదేనని మా అభిప్రాయం.

రెండవది సైకిళ్ల సంగతి. ఆ రోజుల్లో సైకిలు కొత్త వింత. 1888లో లక్ష్మణరావుగారు, వారి అన్నగారు రామచంద్రరావుగారు కలిసి బెళగాంలో సైకిళ్ల వ్యాపారం ప్రారంభించారు. ఈ అన్నగారిని అందరూ రామూఅన్న అని పిలిచేవారు. తమ్ముడు బొంబాయిలో ఉద్యోగం చేస్తూ సైకిళ్లు కొని పంపేవారు. అన్న బెళగాంలో అమ్మేవారు. అమ్మి ఊరుకోక, పదిహేను రూపాయలు పుచ్చుకొని తొక్కడం కూడా నేర్పేవారు. ఆనాటి పదిహేను రూపాయలు తక్కువ సొమ్ము కాదు. దీనిలో ఒక రహస్యమున్నది. జనానికి తెలియని వస్తువును అమ్మేవాడు వస్తువుతోపాటు దాని వాడుకను కూడా అమ్మవలె. తొక్కడం రానివాడు సైకిలెందుకు కొంటాడు? ఈ పాఠం ఆయనకు తరువాత ఎంత అక్కరకు వచ్చిందో చెబుతాము.

మూడవది అవమానం సంగతి. 1897లో న్యాయంగా ఆయనకు రావలసిన ప్రమోషను ఒక ఆంగ్లో ఇండియనుకు ఇచ్చారు. ఆయన ఉద్యోగం వదలివేశారు. ఈ మాట వినగానే మన కుర్రవాళ్లలో కొందరి కళ్లు మెరవడం మాకు కనిపిస్తూనే ఉన్నది. కాస్త ఆగండి. 1888కీ 1897కీ మధ్య ఎన్నేళ్లు? తొమ్మిదేళ్లు. రాజీనామా కాగితం వ్రాసేనాటికి బెళగాంలో తొమ్మిదేళ్ల పాత దుకాణం ఉన్నది, అన్నగారి చేతిలో ఖాతా పుస్తకమున్నది, తన చేతిలో పని ఉన్నది. కోపం ఆయనను గుమ్మం దాటించింది. దాటిన తర్వాత కాలు పెట్టడానికి నేల మాత్రం అంతకుముందే సిద్ధమై ఉన్నది.

బెళగాం వచ్చిన తర్వాత ఆయన పశువులకు చొప్ప నరికే యంత్రాలు తయారు చేశారు. ఆ తర్వాత ఇనుప నాగలి. మన కర్ర నాగలి నేలను గీస్తుంది గాని తిరగవేయదు. ఇనుప నాగలి మట్టిని కోసి బోర్లిస్తుంది. కలుపు వేళ్లతో సహా పైకి వస్తుంది. ఇంత మంచి వస్తువు తయారైతే రైతులు ఎగబడి కొన్నారా? లేదు. ఇనుము తగిలితే భూమికి విషమెక్కుతుందన్నారు. మొదట చేసిన నాగళ్లు అమ్ముడుపోవడానికి రెండేళ్లు పట్టింది.

చదువుకొన్నవాళ్లం ఇది విని నవ్వుతాము. కాని రైతు వైపునుంచి ఆలోచించి చూడండి. కర్ర నాగలి విరిగితే ఊరి వడ్రంగి ఆ పూటే బాగుచేస్తాడు, ఏడాదికింత గింజలు పుచ్చుకొంటాడు. పదును తప్పిపోయే వేళ ఇనుప నాగలి విరిగితే ఎవరిని పిలవాలి? ఈ భయమంతా అతడు విషమన్న ఒక్క మాటలో చెప్పి ఉండవచ్చు. అటువంటి కొనుగోలుదారును మూర్ఖుడని తిట్టి కార్ఖానా మూసేవారు కొందరు. లక్ష్మణరావుగారు రెండేళ్లూ ఓర్చుకొన్నారు. సైకిలు తొక్కడం నేర్పి సైకిలు అమ్మిన మనిషి గనుక, నాగలి మీద నమ్మకం కలిగితేగాని నాగలి అమ్ముడుపోదని ఆయనకు తెలిసి ఉండాలి. రెండేళ్లు సరుకు కదలకపోయినా ఇల్లు గడవాలంటే ఇంకొక ఆధారముండాలి గదా. ఆ ఆధారం చొప్ప యంత్రాలు, పాత వ్యాపారం. కొత్త సరుకును పాత సరుకు పోషించింది.

అంతలో ఇంకొక ఆపద వచ్చింది. బెళగాం మునిసిపాలిటీ ఆంక్షల మూలంగా కార్ఖానాను అక్కడినుంచి తరలించవలసి వచ్చింది. అప్పుడు ఔంధు సంస్థానాధీశులు బాలాసాహెబు పంతు ప్రతినిధిగారు ఆదుకొన్నారు. కుండల్ రోడ్ అనే చిన్న స్టేషను దగ్గర 32 ఎకరాల బంజరు, పదివేల రూపాయల అప్పు ఇచ్చారు. ఆ బంజరు నిండా నాగజెముడు పొదలు, త్రాచుపాములు. 1910 మార్చి 10న పాతికమంది పనివాళ్లతో, వారి కుటుంబాలతో అక్కడ పని మొదలైనది. స్టేషను పక్కనే స్థలం దొరకడం గొప్ప విషయమని మా వృత్తి మూలంగా మాకు తోస్తుంది. ఇనుము, బొగ్గు రైలులో దిగవలె. నాగళ్లు రైలులో ఎక్కవలె. కుండల్ రోడ్ పేరు పోయి, ఆ స్టేషను కిర్లోస్కర్‌వాడీ అయినది.

ఆ ఊరికి కాపలాదారులుగా ఎవరిని పెట్టుకొన్నారో తెలుసునా? జైలు శిక్ష అనుభవించి వచ్చినవారిని. వాళ్లు నమ్మకంగా పనిచేశారు. తనకు పదోన్నతి దక్కనీయనివారు తన పుట్టుక చూశారేగాని పని చూడలేదని ఆయనకు అనుభవమే గదా. తాను యజమాని అయినప్పుడు మనిషి పాత చరిత్రకన్న ఇప్పటి పనిని చూశారు. ఉద్యోగంలో తగిలిన దెబ్బ కొందరిని కఠినులను చేస్తుంది. ఆయన దానినుంచి ఇంకొక విధమైన పాఠం తీసుకొన్నారని మేము అనుకొంటాము.

ఇదంతా ఒక్కరి ప్రజ్ఞ అని చెబితే మేము అబద్ధమాడినవాళ్లమవుతాము. దుకాణం చూసుకొన్న అన్న లేకపోతే తొమ్మిదేళ్ల వ్యాపారం లేదు. ఔంధు ప్రభువు లేకపోతే 32 ఎకరాలు లేవు. రాజులు ఇప్పుడు లేరు. అన్నలు మాత్రం ప్రతి ఇంటిలోనూ ఉన్నారు. అందుచేత మా మాట కుర్రవాళ్లకు కొంత, పెద్దలకు కొంత.

కుర్రవాళ్లకు: నాయనలారా, తొలి ఉద్యోగాన్ని జైలుగా భావించకండి. మీ బల్ల దగ్గర పని ముగిసిన తర్వాత పక్క గదిలో ఏమి జరుగుతున్నదో చూడండి. సరుకు ఎక్కడ కొంటున్నారు, ధర ఎట్లా కడుతున్నారు, వాపసు వచ్చిన వస్తువు ఎందుకు వచ్చింది - ఇవి ఏ కాలేజీలోనూ చెప్పరు. జీతంలో కొంత మిగుల్చుకొని, యజమానికి ద్రోహం కాని చిన్న వ్యాపారమేదైనా ఇంటివాళ్లతో కలిసి నడపండి. మొదటి పదిమంది కొనుగోలుదారులు చుట్టాలు కాకుండా చూసుకోండి. చుట్టాలు మొహమాటానికి కొంటారు, లోపం చెప్పరు. కోపం వచ్చిన రోజున రాజీనామా వ్రాయకండి.

పెద్దలకు: పిల్లవాడు సొంతంగా ఏదైనా పెడతానంటే ముందుగా కాదనకండి. "తొమ్మిదేళ్ల దుకాణమేది?" అని అడగండి. చూపించగలిగితే, రామూఅన్నలాగా ఖాతా పుస్తకం మీ చేతిలోకి తీసుకోండి. పదవీవిరమణ సొమ్ము, ఇల్లాలి నగలు మాత్రం ఆ దుకాణం తన కాళ్ల మీద నిలిచేదాకా పెట్టెలోనే ఉండనివ్వండి. చదువును కూడా తక్కువ చేయకండి. పట్టాలేని లక్ష్మణరావుగారే తమ కుమారుడు శంతనురావుగారిని అమెరికా పంపి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మెకానికల్ ఇంజనీరింగు చదివించారు. ఆయన 1926లో పట్టా పుచ్చుకొన్నారు. చేతిపని విలువ ఎరిగిన తండ్రికి పుస్తకం విలువ కూడా తెలుసు.

చివరకు సంఘానికి ఒక మనవి. మనలో రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు, మౌల్డర్లు ఉన్నారు. వారి చేతులలో నలభై ఏళ్ల విద్య ఉన్నది. సాయంత్రాలు అరుగుల మీద కూర్చొని అది వృథా అవుతున్నది. మన పిల్లలకు గీత వచ్చు, చేయి రాదు. నెలకు రెండు ఆదివారాలు ఈ హాలులో వారినీ వీరినీ ఒకచోట కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒక పాత లేతు, ఒక బెంచివైసు, కొంచెం నూనె ఉంటే చాలు. హాజరు పుస్తకం వ్రాసే పని మేము చేస్తాము. మా వృత్తే అది. వచ్చే నెల మొదటి ఆదివారంనాడే ప్రారంభించవలసినదిగా కార్యవర్గాన్ని కోరుతున్నాము.