తలుపులు మూసియుండగా వచ్చిన ప్రభువు
(శతవార్షికోత్సవ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



వికలాంగులమైన మాకు ఈ కూటములో కొంత సమయమిచ్చినందుకు కృతజ్ఞులము. కోవిడ్ మహమ్మారి దినములలో మా విశ్వాసము ఎట్లు నిలిచినది, దానినుండి సంఘము నేర్చుకొనదగినది ఏమి అను రెండు సంగతులు చెప్పగోరుచున్నాము.

మన భాషలో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. ఎదుటివారిని విడిచి చెప్పునది మేము, కలుపుకొని చెప్పునది మనము. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చి గుడి తలుపులు మూతబడెను. ఏప్రిల్ 12న ఈస్టరు పండుగను అందరును ఇండ్లలోనే ఆచరించిరి. గుడికి రాలేకపోవుట ఎట్లుండునో సంఘమంతయు అప్పుడు ఎరిగెను. మెట్లెక్కలేక, తీసికొనివచ్చువారు లేక, మాలో అనేకులము ఏండ్ల తరబడి ఎరిగిన సంగతియే అది. సెల్‌ఫోనులో ఆరాధన వినిపించినప్పుడు మంచము పట్టిన మావారు కూడ మీతోపాటు అదే ప్రార్థనకు ఆమేన్ చెప్పిరి. ఆ కొద్ది నెలలు ‘మేము’ అనునది ‘మనము’ ఆయెను.

అయినను ఆ కాలము మాకు మిక్కిలి కఠినమైనది. ఒకరికొకరు రెండు గజముల దూరముండవలెననిరి. అది అందరి క్షేమము కొరకు చెప్పిన మాటయే. కాని చూపు లేనివారికి చేతి వ్రేళ్లే కన్నులు. ఒకరి మోచేయి పట్టుకొనక అనేకులు వీధి దాటలేరు. వినికిడి లేనివారు పెదవుల కదలిక చూచి మాట గ్రహింతురు. మాస్కు ఆ పెదవులను కప్పివేసెను. స్నానము చేయించి బట్టలు తొడుగు మనిషి రాలేకపోయెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 రకముల వైకల్యములలో తలసేమియా ఒకటి. ఆ బిడ్డలకు తరచుగా రక్తము ఎక్కించవలెను. బండ్లు లేవు, రక్తమిచ్చువారు బయటికి రాలేదు. ఆ తల్లిదండ్రుల ప్రార్థన ఎట్టిదో తలంచుడి.

ఇది పాపమునకు శిక్ష అని కొందరనిరి. ఆ మాట మాకు క్రొత్త కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగినదియు అదియే. ప్రభువు దానిని అంగీకరింపలేదు. విశ్వాసముంటే బాగుపడుదురని మరికొందరందురు. పౌలు తన ముల్లు తీసివేయుమని ముమ్మారు వేడుకొనెను. ముల్లు పోలేదు, కృప చాలినది. ఆయన విశ్వాసము కొద్దిపాటిదని ఎవరనగలరు?

మమ్మును నిలిపినది యోహాను సువార్త ఇరువదియవ అధ్యాయము. శిష్యులు భయముతో తలుపులు మూసికొనియుండగా ప్రభువు వారి మధ్యకు వచ్చెను. మూసిన తలుపు ఆయనను ఆపలేదు. ఇంకొక సంగతి గమనించుడి. మృత్యువును జయించిన ఆ శరీరములో గాయములు మాసిపోలేదు. వాటినే చూపి తన్ను తెలియపరచుకొనెను. గాయపడిన దేహము దేవుని మహిమకు తక్కువైనది కాదని మేము అక్కడ నేర్చుకొంటిమి.

2020 జూన్ తరువాత గుళ్లు క్రమముగా తెరువబడెను. అందరితోపాటు మేమును సంతోషించితిమి. అయితే తలుపులు తెరచిన తరువాత కొన్ని చోట్ల ఫోను ఆరాధన ఆగిపోయెను. ‘మనము’ మరల ‘మీరు, మేము’ ఆయెను. 2021లో టీకాలు వేయునప్పుడు, కదలలేనివారికి ఇంటికే వెళ్లి వేయవలెనని ప్రభుత్వము సెప్టెంబరులో నిర్ణయించెను. సర్కారే గడపకు రావలెనని తలంచినప్పుడు, సంఘము ప్రభువు బల్లను ఆ గడపకు తేలేదా?

2011 జనాభా లెక్కలలో మన దేశపు వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు. గుడిలో కనబడనంత మాత్రమున మీ పాస్టరేటులో ఎవరును లేరనుకొనకుడి. ఇంటింట విచారించి పేర్లు వ్రాసికొనుడి. మెట్ల ప్రక్కన వాలుదారి కట్టించుడి. వినికిడి లేనివారికి ముఖము కనబడునట్లు నిలిచి మాటలాడుడి. ఫోను ఆరాధనను మానకుడి. వీటన్నిటికంటె ముఖ్యముగా, మాకును పని ఇయ్యుడి. ఇంటిపట్టున ఓర్పుతో బ్రతుకుట మాకు అలవాటు గనుక, ఆ దినములలో బెంగపడినవారికి ఫోను చేసి ధైర్యము చెప్పినవారు మాలోను ఉన్నారు. వాక్యము చదువుటకు, ప్రార్థించుటకు, కమిటీలో కూర్చుండుటకు మమ్మును పిలువుడి.

కపెర్నహూములో నలుగురు పక్షవాయువుగలవానిని మోసికొనివచ్చి, త్రోవ లేకపోగా ఇంటి కప్పు విప్పిరి. కప్పు పాడైనదని ప్రభువు వారిని గద్దింపలేదు. వారి విశ్వాసమును చూచెను. నూరేండ్లు నిండిన మన సంఘములో అట్టి నలుగురు ప్రతి గుడికిని దొరుకుదురు గాక. ఆమేన్.