తల్లి పేర వెలియైనవారు

ఆధునిక నవలలో సంఘమునకు వెలియైన మనిషిని తలచునపుడెల్ల నాకు ఇద్దరు తల్లులు స్ఫురింతురు. 1942లో ఫ్రెంచి రచయిత ఆల్బేర్ కామూ ప్రకటించిన నవలలో, మెర్సో అను గుమాస్తా అల్జీరియా సముద్రతీరమున ఒక అరబ్బును కాల్చి చంపగా, న్యాయస్థానము ఆ హత్యకంటె, తల్లి అంత్యక్రియలందు వాడు కంట తడి పెట్టలేదన్న సంగతినే పెద్ద నేరముగా ఎంచెను. హతునికి ఆ నవలలో పేరైనను లేకపోవుట మరియొక విషాదము.

చిరకాలము ఆకాశవాణిలో పనిచేసిన మన బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' నవలలో సృష్టించిన దయానిధి వేదన వేరు. తల్లి శీలమునుగూర్చి లోకము పలికిన అపవాదు ఆ కొడుకును నీడవలె వెంటాడి, వైద్యుడును విద్యావంతుడును అయిన అతనిని దాంపత్యమునందు గాని స్వస్థలమునందు గాని నిలువనీయక, తుదకు రాయలసీమ దారి పట్టించెను. మెర్సోకు లోకముపై ఆసక్తియే లేదు; దయానిధియో, ప్రేమను కోరి కోరి, దానిని ఇచ్చుటయు పుచ్చుకొనుటయు చేతగాక ఒంటరియైనాడు. కావుననే అతని దుఃఖము నాకు మరింత లోతైనదిగా తోచును.

ఆ నవలను చదువనివారు చదువుడు; చదివినవారు, ఈ పర్యాయము దయానిధిని గాక, అతని వెనుక గుసగుసలాడిన ఊరివారిని గమనించుచు మరల చదువుడు.