ద్రాక్షారామంలో పాత అంబాసిడర్

ద్రాక్షారామం చుట్టుపక్కల మీ ఇంట్లో పాత అంబాసిడర్ కారు ఉందా? దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. ఉన్నదాన్ని కాపాడుకోవాల్సిందే. మన ప్రాంతంలో దానికి అసలు శత్రువు తేమ. ముందుగా కాళ్ల కింద మ్యాట్ ఎత్తి చూడండి. రేకు మీద రంగు పొక్కిందా? వేలితో నొక్కండి. గోధుమరంగు పొడి రాలితే తుప్పు తినేస్తోందన్నమాట. శుభ్రంగా గీకి, ప్రైమర్ కొట్టి, ఆపైన రంగు వేయండి. చిల్లు పడితే మాత్రం వెల్డింగ్ షాపుకే. తలుపుల అడుగున వాననీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో పూడుకుపోతాయి. పుల్లతో తీసేయండి. ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది. రెండేళ్లకోసారి మెకానిక్ చేత మార్పించండి. బ్రేకులతో ప్రయోగాలు వద్దండీ. మళ్లీ చెబుతున్నా, తేమ చేరనివ్వకండి. ఎండ కాసిన రోజున తలుపులన్నీ తెరిచి ఆరబెట్టండి.