లండన్‌లో అడిగిన ప్రశ్న

 

నిరుడు మా అబ్బాయి దగ్గరికి లండన్ వెళ్లాను. ఒకరోజు మనవరాలు ఊరు చూపిస్తానని బ్రిటిష్ మ్యూజియంకి తీసుకెళ్లింది. 33ఎ గదిలో అడుగుపెడితే ఎదురుగా మన అమరావతి శిల్పాలు! ఒళ్లు పులకరించింది.

తండ్రి పేరిట మన జగ్గయ్యపేటను కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారే అమరావతినీ కట్టించారని, రాళ్ల కోసం అక్కడి దిబ్బ తవ్వినప్పుడే స్తూపం సంగతి బయటపడిందని దానికి చెప్పాను.

"మరి మీ ఊళ్లో ఇలాంటివి లేవా, తాతయ్యా?" అంది.

ఉంది. 1882లో బర్జెస్ దొర పరిశీలించిన ధనంబోడు స్తూపం. అక్కడి మాంధాత చక్రవర్తి శిల్పం మద్రాసు మ్యూజియంలో ఉంది. ఇక్కడ చదివిన ఐదేళ్లలో నేను ఒక్కసారైనా ఆ బోడు ఎక్కలేదు.

మధ్యాహ్నం థేమ్స్ ఒడ్డున వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు తిన్నాం. రుచిగానే ఉన్నాయి. నాకే ముద్ద దిగలేదు.

తిరిగొచ్చాక ముందు ధనంబోడుకే వెళ్లాను. అందుకే మాస్టార్లకు ఒక మనవి: ఏటా ఎనిమిదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. బస్సు ఖర్చు మా బ్యాచ్‌ది. పులిహోర పొట్లాలు నందిగామ మిత్రులు తెస్తామన్నారు. మన ఊరి సంగతి పిల్లలు నాలాగా లండన్ వెళ్లి గుర్తు చేసుకోకూడదు.

సెలవు.