రెండు దిక్కుల కూడిక



పాలమూరు పల్లెలలో కిన్నెర విననివారును, నల్లగొండ జాతరలలో డప్పు విననివారును అరుదు. మొదటిదానియందు మ్రోగునది తీగ, రెండవదానియందు తోలు. గణితవేత్తకు ఈ రెంటి నడుమ గొప్ప అంతరము కలదు. దానిని తెలుపుటయే నేటి ప్రసంగము.

తీగను మీటినపుడు అది ఒక్క విధముననే కదలదు. నిండుగ ఊగుట మొదటి కంపము. రెండు సగములుగ ఊగుట రెండవది. మూడు పాళ్లుగ ఊగుట మూడవది. మనము వినునది వీని మొత్తము. ఎంతటి క్లిష్టరూపమునైనను ఇట్టి సరళరూపముల కూడికగ వ్రాయవచ్చునని ఫ్రాన్సు దేశీయుడగు ఫూర్యే 1807 లో ప్రతిపాదించెను. ఈ సరళరూపములలో ఒకదాని నీడ మరియొకదానిపై పడదు. కనుకనే వానికి లంబములని పేరు. కంపములకు బదులు బహుపదులను గైకొన్నచో అవి లంబ బహుపదులగును. పదములను కూడుకొలదిని మొత్తము మూలరూపమును చేరుటయే అభిసరణము.

తీగకు ఒక సౌలభ్యము కలదు. ఒకటి, రెండు, మూడు అను వరుస తనంతట తానే ఏర్పడియున్నది. డప్పున కట్లు కాదు. దాని తోలు నడిమి నుండి అంచు వరకును, మరల చుట్టును విభజింపబడును గనుక ప్రతి కంపమునకును రెండంకెలు కావలెను. బహుపదులకును ఇదియే గతి. చరరాశి ఒక్కటియైనచో ప్రతి ఘాతమునకును ఒక్కటే లంబ బహుపది. రెండైనచో మొదటి ఘాతమునకు 2, రెండవదానికి 3, పదవదానికి 11. వృత్తాకార తలమునకు తగిన ఇట్టి బహుపదులను డచ్చి శాస్త్రజ్ఞుడగు జెర్నికె 1934 లో రచించెను. కటకముల దోషములను కొలుచుటకు అవి నేటికిని ఉపయోగపడుచున్నవి. ఒకే ఘాతమునందలి బహుపదులను పెక్కు విధముల ఏర్పరుపవచ్చును. అన్నదమ్ములు పొలమును ఎట్లు పంచుకొన్నను అవిభక్తమగు ఆస్తి ఒక్కటే యైనట్లు, ఆ ఘాతమునకు చెందు మొత్తము మాత్రము మారదు.

‘కూడిక ఎటు చేసిననేమి?’ అని మీరడుగవచ్చును. మనస్సున అంతులేని గడుల పట్టిక నొకదానిని గీసికొనుడు. మొదటి వరుసలో మొదటి గడియందు ధనము 1, రెండవ గడియందు ఋణము 1. రెండవ వరుసలో రెండవ గడియందు ధనము 1, మూడవ గడియందు ఋణము 1. ఇట్లే సాగుచుండును, తక్కిన గడులన్నియు సున్నలు. అడ్డవరుసలను కూడుడు: ప్రతి వరుసయు సున్న, కావున మొత్తము సున్న. నిలువు వరుసలను కూడుడు: మొదటిది 1, తక్కినవన్నియు సున్న, కావున మొత్తము 1. అంకెలు అవియే, కూడిన క్రమము మాత్రమే వేరు.

వ్యాకరణము చదివినవారికి ఇది వింత కాదు. పాణిని సూత్రమున కనబడని పదము పై సూత్రము నుండి అనువృత్తిగ వచ్చి అర్థమును నిర్ణయించును. కూడికకు క్రమభేదము లేదను సూత్రమునందు ‘పరిమిత సంఖ్యకు’ అను మాట అట్టి అనువృత్తి. పదములు అనంతములైనచో మరియొక నియమము కావలెను: ఋణములను సైతము ధనములుగ లెక్కించినను మొత్తము ఒక హద్దును మీరకుండవలెను. అప్పుడే క్రమమునకు స్వేచ్ఛ.

ఏకచర శ్రేణులకే చిక్కులు కలవని 1873 లో దు బోయి రేమాన్ చూపెను. మొత్తముల సగటును గైకొన్నచో ఆ చిక్కు తీరునని 1900 లో ఫేయేర్ తెలిపెను. వృత్తములుగ పెంచుచు, అంచునకు చేరువగు పదముల బరువు తగ్గించుచు కూడు పద్ధతిని 1936 లో బోఖ్నర్ బహుచర శ్రేణులకు ప్రవేశపెట్టెను. ఈ మార్గమున మన తెలుగునేల సంబంధము కలవా రిరువురు నడచిరి. వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పనిచేసిన మీనాక్షిసుందరముగారు ఒకరు. మచిలీపట్టణమున 1920 లో జన్మించి, బాపట్లలో చదివిన కొమరవోలు చంద్రశేఖరన్ గారు రెండవవారు. వీరిరువురును ద్విచర ఫూర్యే శ్రేణులపై 1947 లో కలిసి వ్రాసిరి. సగటుల పద్ధతులపై వారి గ్రంథము 1952 లో వెలువడెను. డప్పువంటి తలముల కంపములనుగూర్చి మీనాక్షిసుందరముగారు స్వీడను దేశీయుడగు ప్లేయెల్‌తో కలిసి 1949 లో ప్రకటించిన వ్యాసము నేటికిని ప్రసిద్ధము.

క్రమము ఎంతటిదో 1971 లో అమెరికా దేశీయుడగు ఫెఫర్మన్ నిరూపించెను. తెగక సాగు ఒకానొక ద్విచర ఫలమునకు గల శ్రేణిని చదరములుగ పెంచుచు కూడినచో అది ఇంచుమించు అన్ని బిందువులయందును అభిసరించును. పొడవును వెడల్పును వేర్వేరుగ పెంచుచు కూడినచో ఒక్క బిందువునందైనను అభిసరింపదు! ఇక వృత్తములుగ, బరువులు తగ్గింపక కూడినచో ఏమగునను ప్రశ్న, వర్గము కొలతకు వచ్చు ఫలములన్నిటి విషయమున, ఇంకను తేలలేదు.

బడిలో బాలునకు ‘ఎటు కూడినను ఒక్కటే’ అని చెప్పు ఉపాధ్యాయుడు ‘పరిమితములైనచో’ అను ఆ ఒక్క మాటను విడువరాదు. బాలునకు నాడు దాని ప్రయోజనము తెలియకపోవచ్చును. కాని వానిలో ఒక్కడు ముందుకు సాగినచో ఆ మాటయే వానికి తలుపగును. విడిచినచో అచ్చటనే గోడ నిలుచును. నియమమును దాని హద్దుతో కూడ నేర్పుటయే శాస్త్రమునకు మనము చూపవలసిన గౌరవము.