తిన్నదంతయు ఒంటబట్టునా?



“పిల్లవాడు బాగుగనే తినుచున్నాడు గాని ఒంటబట్టుట లేదు” అను మాట ప్రతి పల్లెలోను వినబడునదే. ఆ మాటలో గొప్ప శాస్త్రవిషయము ఇమిడియున్నది.

ఆకుకూరలో ఇనుము ఇంత గలదని పట్టికలు చెప్పును. కాని అదంతయు రక్తమునకు చేరదు. ధాన్యముల పైపొరలలోని ఫైటిక్ ఆమ్లము, తేనీటిలోని టానినులు ఇనుమును పట్టి బంధించును. అట్లు చిక్కిన ఇనుము ప్రేగుగోడను దాటలేక వ్యర్థముగా బయటికి పోవును. రక్తహీనతతో సొమ్మసిల్లు గర్భిణికి కావలసినది విస్తరిలోని ఇనుము కాదు, రక్తములో చేరు ఇనుము.

అది ఎంతయో తెలియుట యెట్లు? ప్రతి వంటకమును మనుష్యులకు పెట్టి పరీక్షించుటకు కాలమును, ధనమును మిక్కిలిగా పట్టును. అందుచే శాస్త్రజ్ఞులు జీర్ణకోశపు పనిని గాజుపాత్రలో జరిపించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన బి. ఎస్. నరసింగరావు, టి. ప్రభావతి 1978లో ఇట్టి పద్ధతి నొకదానిని ప్రకటించిరి. ఆహారమును మెత్తగా నూరి, పెప్సిను, హైడ్రోక్లోరికామ్లము చేర్చి, శరీరపు వేడిమి యగు 37 డిగ్రీలయొద్ద నుంచుదురు. ఇది కడుపుదశ. పిదప పులుపును విరిచి ప్రేగులోని స్థితిని కల్పింతురు. అప్పుడు ద్రవములో బంధము లేక మిగిలిన ఇనుమును కొలుతురు. 1981లో అమెరికాలో మిల్లరు బృందము సూక్ష్మరంధ్రములుగల పొరసంచి నుపయోగించి, దానిలోనికి దాటిన ఇనుమునే లెక్కించెను. 2014లో పలుదేశముల శాస్త్రజ్ఞులు ఇన్‌ఫోజెస్ట్ అను పేర ఉమ్మడి విధానమును వెలువరించిరి. అందు నోటిదశ 2 నిమిషములు, కడుపుదశ 2 గంటలు, ప్రేగుదశ 2 గంటలు.

గాజుపాత్రకును హద్దు కలదు. ఇనుము కొరవడిన శరీరము ఎక్కువ ఇనుమును గ్రహించును; పాత్రకు ఆ కొరత తెలియదు. కావున ఏ ఆహారము మేలో పోల్చి చూచుటకు అది తోడ్పడును, తుదితీర్పు శరీరముదే.

ఈ శాస్త్రము వంటయింటికి చెప్పు మాటలు సులభములు. రాగులను, పెసలను మొలకెత్తించిన ఫైటిక్ ఆమ్లము తగ్గును. పప్పుకూర దించిన పిమ్మట నిమ్మరసము పిండిన, అందలి సి విటమిను ఇనుము ఒంటబట్టుటకు తోడగును. భోజనముతో తేనీరు త్రాగుట మానవలెను. అయితే రక్తహీనత ముదిరినవారికి ఇవి మాత్రమే చాలవు. వైద్యుడిచ్చు ఇనుము మాత్రలు తప్పక వాడవలెను.

బీరువాలోని గ్రంథములు చదివినగాని జ్ఞానము కానట్లే, విస్తరిలోని ఆహారము జీర్ణమై రక్తమున చేరినగాని బలము కాదు. ఇరువదియైదేండ్లుగా గ్రంథములను ఇంటింటికి చేర్చిన ఈ గ్రంథాలయము, ఈ చిన్న ఎరుకను సైతము ప్రతి వంటయింటికి చేర్చునుగాక!